బండి మీది ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మనవారు చెప్పిన సామెతలో ఇల్లనగా పునాది త్రవ్వి, గోడలు లేపి, కప్పు వేసినదే. ఇల్లు కదలదు, బండి కదలును. ఈ భేదము పసివానికి సైతము తెలియును. అయితే ఇల్లును బండియు ఒకే వస్తువైనప్పుడు పెద్దవారికి సైతము చిక్కు కలుగును. అట్టి చిక్కు ఒకటి మా మేనమామ పొలములో అయిదేండ్లుగా నిలిచియున్నది. దానిని గూర్చియే ఈ పూట శ్రోతలతో ముచ్చటింపదలచినాను.

మా మామ ఊరు కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోవు త్రోవలో, లింగంపేట దాటిన పిమ్మట, బాటకు కొంత లోపలగా నున్నది. ఆయనకు కొంత వరి, కొంత మక్క కలవు. మక్క కంకి పాలు పోసుకొనువేళకు అడవి పందులు దిగును. ఒక్క రాత్రి కావలి తప్పినచో తెల్లవారునప్పటికి చేను నేలమట్టమగును. మంచె యెక్కుటకు ఆయన మోకాళ్లు ఒప్పుకొనుట మానినవి. 2020వ సంవత్సరమున, కరోనా వ్యాధి మూలమున ఎక్కడివారక్కడ ఆగిపోయిన ఆ వేసవిలో, ఆయన ఒక ఉపాయము పన్నినాడు. ఇంట పాత ట్రాక్టరు ట్రాలీ ఒకటి యుండెను. దాని ప్రక్క పలకలను విప్పి, అడుగు పలకపై ఇనుప యాంగ్లర్లతో చట్రము నిలిపి, రేకులు బిగించి, గది యొకటి కట్టినాడు. పొడవు 10 అడుగులు, వెడల్పు ఆరున్నర అడుగులు, ఎత్తు 7 అడుగులు. లోపల ఒక నులక మంచము, ఒక అర, ఒక కిటికీ, ఎండతో వెలుగు దీపము. మనుమలు దానికి "తాత బస్సు" అని పేరిడిరి.

మొదటి రెండేండ్లు ఆ బస్సు నిజముగనే తిరిగినది. ఏ చేను పక్వమునకు వచ్చిన ఆ చేని గట్టునకు దానిని లాగుకొనిపోయెడివాడు. తరువాత ట్రాక్టరు అమ్ముడుపోయెను. కిరాయి ట్రాక్టరును పిలిచి గదిని కదలించుట బరువనిపించెను. గది వేపచెట్టు క్రింద నిలిచిపోయినది. అప్పటి నుండి ఇంటిలో తలకొక మాట. దుబాయిలోనున్న పెద్ద కుమారుడు అమ్మివేయుమనును. హైదరాబాదులోనున్న చిన్నవాడు విప్పి రేకులు వాడుకొనుమనును. మా అత్త లెక్క వేరు. ప్రతి కోతకు వడ్లు తోలుటకు కిరాయి ట్రాలీ తెచ్చుకొనుచున్నాము. మన సొంత ట్రాలీ నెత్తిన గది పెట్టుకొని చెట్టు క్రింద నిద్రించుచున్నది, ఇదెక్కడి న్యాయమని ఆమె ప్రశ్న. మామ మాత్రము ఎవ్వరికిని బదులు చెప్పడు. మొన్న నేను పోయినప్పుడు నన్ను పట్టుకొని, "రేడియోల అందరికి జెప్తవు గద అల్లుడా, గీ బండిని ఏం జెయ్యాల్నో నాకు గూడ జెప్పు" అన్నాడు.

ఈ ప్రశ్న ఆయన యొక్కనిది కాదు. అమెరికాలో 1999వ సంవత్సరమున జే షేఫర్ అను నతడు నూరు చదరపు అడుగుల ప్రాంతపు ఇంటిని చక్రముల మీద కట్టుకొనెను. చక్రములెందుకన్నచో, అక్కడి నాటి గృహనిర్మాణ నిబంధనలు అంత చిన్న ఇంటిని ఇల్లుగా అంగీకరింపలేదు. చక్రములున్నచో అది బండి లెక్కలోనికి పోవును. పిమ్మట వేలకొలది జనులు ఆయన మార్గమును పట్టిరి. 2018 నాటి ఆదర్శ నిబంధనావళిలో 400 చదరపు అడుగులకు మించని ఇంటిని చిన్న ఇల్లుగా ఒప్పుకొని, దానికొక ప్రత్యేకానుబంధము చేర్చిరి. కాని అది నేలపై పునాది కల ఇండ్లకే వర్తించునది. ఇల్లు నేలకు దిగిన పిదపనే ఆ మన్నన దొరికినది.

ఈ 400 అను సంఖ్యను మనము వేరొక చోట కూడ చూచుచున్నాము. తెలంగాణములో 2024వ సంవత్సరము మార్చి నెలలో ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకములో, అయిదు లక్షల రూపాయల సాయము పొందవలెనన్న ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదని నిబంధన పెట్టిరి. అక్కడ చిన్న ఇంటికి పై హద్దు ఏదో, ఇక్కడ పేదవాని ఇంటికి క్రింది హద్దు అదే! మా మామ గది 65 చదరపు అడుగులు. కాబట్టి అది ఏ లెక్క ప్రకారమును కాపురముండు ఇల్లు కాదు. కావలి గది మాత్రమే. ఇది మొదట ఒప్పుకొనదగిన సంగతి.

చిన్న గదులపై మోజు మన ప్రాంతములందును లేకపోలేదు. తమిళనాటి యువ వాస్తుశిల్పి అరుణ్ ప్రభు ఆటోరిక్షా మీద 36 చదరపు అడుగుల నివాసమును నిర్మించి పేరొందినాడు. 2021వ సంవత్సరమున కరీంనగరు దగ్గరి బొమ్మకల్లుకు చెందిన పేరాల మానసారెడ్డి మురుగు కాలువలకు వాడు పెద్ద సిమెంటు గొట్టమును గదిగా మార్చి చూపినది. ఈ రెంటికి నడుమ ఒక తేడా కలదు. మొదటిది కదలుటకే పుట్టినది; రెండవది నిలుచుటకే పుట్టినది. ఏది దేనికొరకో కట్టినవారికి ముందే తెలియును. మన చిక్కు అట్లు తేల్చుకొనని వాటితోనే.

నిజముగ సంచారము చేసి బ్రదికిన వారు ఈ సంగతిని చక్కగా ఎరుగుదురు. ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట ప్రాంతములలో తండాలు అనేకము కలవు. లంబాడీల పూర్వులు ఎద్దుల మీద ఉప్పును ధాన్యమును మోసి దేశమంతట తిరిగినవారు. వారు ఇంటిని మోయలేదు, సరకును మోసిరి. దిగినచోట తేలికపాటి గుడారము వేసికొని, లేచునప్పుడు మడిచి ఎద్దుపై వేసెడివారు. రైళ్లును రోడ్లును వచ్చి పందొమ్మిదవ శతాబ్దిలో ఆ వర్తకము సన్నగిల్లినప్పుడు వారు క్రమముగా నేలను పట్టి నిలిచిరి. ఆ విడుదులే నేటి తండాలు. రాజస్థానములోని గాడియా లోహారుల బండ్లును అట్టివే. చిత్తూరుగఢ్ శత్రువుల వశమైన నాటి నుండి కప్పు క్రింద నిలువమని వారి పూర్వులు ప్రతిన పూనిరని ఐతిహ్యము. 1955వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ప్రధాని నెహ్రూ వారిని ఆ కోటలోనికి తోడ్కొనిపోయి ఆ ప్రతినకు ముగింపు పలికించెను. అయినను ఆ తరువాత సైతము అనేకులు బండ్ల ప్రక్కనే బ్రదుకు సాగించిరి. కదలుట వారికి వేడుక కాదు, వృత్తి. కదలవలసిన పని లేనివానికి చక్రములు భూషణములు మాత్రమే. పైగా ఖర్చు గల భూషణములు.

ఆ ఖర్చు ఎట్టిదో చూతము. మన ట్రాలీ టన్నుల కొలది ధాన్యము మోయుటకు చేసినది. రేకుల గది దానికొక బరువు కాదు. అర మిల్లీమీటరు మందము గల రేకు చదరపు మీటరునకు నాలుగైదు కిలోలే తూగును. తొమ్మిది అంగుళముల ఇటుక గోడ అంతే వైశాల్యమునకు నాలుగు వందల కిలోలు దాటును. చట్రము, పలకలు, మంచము అన్నియు కలిపి మామ గది అర టన్నుకు అటునిటుగా నుండును. చిక్కు బరువులో లేదు, ఎత్తులో నున్నది. ట్రాలీ అడుగు పలకయే నేలకు మూడడుగుల మీద నుండును. దానిపై ఏడడుగుల గది. పొలము గట్టు దాటునప్పుడు ఒక చక్రము పల్లమున దిగినచో పైకొస ఎంతగా ఊగునో ఊహించుకొనవచ్చును. రెండు చక్రముల ట్రాలీలో బరువు ఇరుసునకు కొంచెము ముందు వైపు పడవలెను. వెనుకకు పడినచో ట్రాక్టరునకు తగిలించు కొక్కెము పైకి లేచి బండి అదుపు తప్పును. బండి మెలిపడిన ప్రతిసారి గది కీళ్లు సడలును. సడలిన చోటనే వాన కారును. కదలక నిలిచియున్నను క్షేమము కాదు. ఎండకు టైర్లు పగులును, బేరింగులలోని గ్రీజు ఎండును, కమానులు క్రుంగును.

ఇక చట్టము మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము మోటారు బండి లాగునట్టి ట్రాలీ తానును ఒక వాహనమే. దానికి నమోదు కావలెను. 52వ సెక్షను ననుసరించి నమోదు పత్రములోని వివరములకు భిన్నమగునట్లు వాహనమును యజమాని తన యిష్టము చొప్పున మార్చరాదు. కావున చేని గట్టున నున్నంత వరకు ఎవ్వరును అడుగకపోయినను, గదితో సహా ట్రాలీని కామారెడ్డి బాటపైకి తెచ్చిననాడు ప్రశ్న పుట్టును. లోపల మనుష్యులను కూర్చుండబెట్టి లాగుట అసలే తగదు. ప్రమాదము జరిగినచో భీమా సాయము అందక పోవచ్చును.

మరి అది ఇల్లా యన్నచో, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ఒక కొలబద్ద ఇచ్చినది. చెట్టువలె నేలలో వేరూనినది, గోడవలె నేలలో పాతుకొన్నది, లేక అట్లు పాతుకొన్న దానికి శాశ్వతముగ తగిలింపబడినది నేలను అంటియున్నదగును. అట్టిది స్థిరాస్తి. చక్రములపై నున్నది చరాస్తి. స్థిరాస్తిని రిజిస్టరు దస్తావేజుతో అమ్మవలెను. చరాస్తిని చేతికిచ్చి అమ్మవచ్చును. కాని ట్రాలీ నమోదైన వాహనము గనుక, అమ్మినవారు 14 దినములలోను, అదే రాష్ట్రమున కొన్నవారు 30 దినములలోను ఆ సంగతిని రవాణా అధికారులకు తెలుపవలెనని 50వ సెక్షను చెప్పుచున్నది. అట్లు తెలుపక పోయినచో రేపు ఆ బండి ఎవరినైన గ్రుద్దినప్పుడు పాత యజమానుని పేరే పత్రములలో నుండును. గదిని నేలకు దించి స్థిరపరచినచో పంచాయతీ మాట వచ్చును. కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి పురపాలక సంఘములలో 75 చదరపు గజములు మించని స్థలమున చిన్న ఇంటికి నిర్మాణానుమతి అక్కరలేక, నమోదు చాలునని 2020 నాటి రాష్ట్ర చట్టము ఏర్పరచినది. పల్లెలో మాత్రము పంచాయతీ కార్యదర్శిని ముందుగా అడుగుట మేలు.

ఇంతవరకు చెప్పినది పుస్తకముల లెక్క. అసలు తీర్పు చెప్పినది వాన.

2025వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన కామారెడ్డి జిల్లాపై కురిసిన వానను ఆ ప్రాంతీయులు మరువజాలరు. రాజంపేట మండలములో ఒక్క దినముననే 40 సెంటీమీటర్లకు పైగా పడినది. కామారెడ్డి పట్టణములో కాలనీలు మునిగినవి. భిక్కనూరు, తలమడ్ల నడుమ రైలు కట్ట క్రింది మన్ను కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. నాగపూరు పోవు రహదారిపై బండ్లు నిలిచిపోయినవి. ఆనాటి సాయంకాలము మా అత్త మామను పొలము నుండి ఇంటికి బలవంతముగ పిలుచుకొని వచ్చినది. రాత్రి వాగు పొంగి పొలమున నడుమెత్తుకు తక్కువగా నీరు పారినది.

రెండు దినములకు నీరు తీసిన తరువాత పోయి చూచిరి. గదిలో ఒక్క చుక్క నీరు చేరలేదు. ఆ కాలమున దొరకుటయే గగనమైన యూరియా బస్తాలు రెండు అందులో నుండెను, పొడిగనే యున్నవి. ఇంకేమి, బండి వలననే దక్కినదని మామ సంతసించినాడు. కాని క్రిందికి వంగి చూచినచో వేరొక సంగతి తేలినది. ఒక వైపు చక్రము ఇరుసు వరకు బురదలో దిగినది. గది జానెడు వాలినది. తలుపు పడుటలేదు. ట్రాక్టరును తెచ్చి లాగుదమన్నచో ట్రాక్టరే ఆ మడిలో దిగునట్లున్నది. వరద వచ్చుచున్నదని తెలిసినను ఆ రాత్రి ఆ బండిని కదలించుట ఎవ్వరికిని సాధ్యము కాకపోయెడిది. అనగా గదిని కాపాడినది చక్రము కాదు. నేలకు మూడడుగుల ఎత్తు. చక్రము గదిని వాల్చినది మాత్రమే.

ఇందుండి నాకు తోచినది ఇది. ఇట్టి వస్తువు గలవారు దానిని ఏమి చేయవలెనని అడుగుటకు ముందు, తమయొద్ద నున్నది బండియా, గదియా అని తేల్చుకొనవలెను. రెండును కావలెనన్నచో రెండును పాడగును. తేల్చుకొనుటకు మూడు ప్రశ్నలు చాలును. గడచిన సంవత్సరములో అది ఎన్నిమారులు కదలినది? గాలివానలు వచ్చినప్పుడు దానిని నిజముగ కాపాడునది ఏది? రెంటిని వేరుచేసినచో ఒక్కొక్కదానికి ఎంత ఉపయోగము?

ఏటికి నాలుగైదు మారులైన కదలుచున్నచో అది బండి. అప్పుడు టైర్లకు, ఇరుసునకు ఖర్చు పెట్టుటకు వెనుదీయరాదు. నిలిచినప్పుడు నాలుగు మూలల క్రింద మొద్దులు పెట్టి బరువును టైర్ల మీది నుండి తప్పింపవలెను. గది వెడల్పు ట్రాలీ వెడల్పును మించరాదు. ఒక్కసారియు కదలనిచో అది గది. అప్పుడు మూడు మార్గములు. అమ్మదలచినచో గదిని, ట్రాలీని వేరువేరుగా అమ్ముట లాభము; కాగితములతో కూడిన ట్రాలీకి రైతు వచ్చును, రేకుల గదికి బాటప్రక్క కొట్టు పెట్టుకొనువాడు వచ్చును. రెండును కలిపి కొనువాడు అరుదు. విప్పదలచినచో మరలతో బిగించిన రేకులు మరల పనికి వచ్చును; వెల్డింగు చేసిన చట్రము పాత ఇనుము ధరకే పోవును. ఇక మూడవది, గదిని గదిగా నిలుపుట. మా మామకు నేను చెప్పినది ఈ మూడవ మార్గమే.

దానిని దించు విధానము కష్టము కాదు గాని ఓర్పు కావలెను. వాగు నీరు అందని మెరకను ఎన్నుకొని, తడి ఆరిన తరువాత ట్రాలీని అక్కడికి మెల్లగా చేర్చవలెను. ట్రాలీ చక్రములకు ఇరుప్రక్కల, వెలుపలగా, నాలుగు సిమెంటు దిమ్మెలను ట్రాలీ పలక ఎత్తునకు కొంచెము మించునట్లు కట్టవలెను. గది అడుగు చట్రమును పలకకు బిగించిన మరలను విప్పి, నాలుగు మూలల జాకీలు పెట్టి, అంగుళమంగుళముగా సమముగ లేపవలెను. ఒక వైపు ముందు, ఒక వైపు వెనుక కారాదు. లేపిన కొలది సందున కర్రమొద్దులు దూర్చుచుండవలెను. జాకీని నమ్మి ఎవ్వరును క్రిందికి దూరరాదు. సందు చాలినంతనే రెండు బలమైన ఇనుప దూలములను గది క్రింద అడ్డముగ త్రోసి, వాని కొనలను దిమ్మెల మీద ఆనింపవలెను. గది దూలముల మీద నిలిచిన పిదప మొద్దులను తీసివేసినచో ట్రాలీ నిలువుగా వెలుపలికి వచ్చును.

ఒక్క మాట మరువరాదు. గదిని దూలములకు, దూలములను దిమ్మెలకు బోల్టులతో బిగింపవలెను. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరునకు సుమారు 48 కిలోల బరువుతో త్రోయును. ఈ గది పొడవు గోడపై అది మొత్తము మీద 300 కిలోలగును. గది యావత్తు బరువే అర టన్ను గదా! ఇన్నాళ్లు ట్రాలీ ఇనుము దానికి క్రింది బరువై నిలిపినది. ఆ పని ఇక దిమ్మెలు చేయవలెను. కప్పుపై గడ్డి పరచినచో ఎండ తగ్గునని కొందరందురు. నిప్పు భయము గలదు గనుక తెల్లసున్నము పూయుట మేలు.

ఇది యంతయు వివరించినప్పుడు మామ చాలసేపు మాటాడలేదు. చివరకు, "చక్రాలు దీస్తే పోరగాళ్లు దాన్ని బస్సు అంటరా అల్లుడా?" అన్నాడు. "అంటరు మామా, మెట్లు బెడ్దాం. ఎక్కి దిగుతరు" అంటిని. మా అత్త నవ్వినది. ట్రాలీ తిరిగి చేతికి వచ్చుచున్నదని ఆమెకు అప్పుడే తెలిసిపోయినది.

వానకాలపు వరి కోసి, యాసంగి నాట్లకు నీరు కట్టకముందు పొలము గట్టిగా నుండు కొన్ని వారములు ఈ పనికి అనువైనవి. వేపచెట్టునకు ఎగువనున్న మెరకను చూచి గుంజలు పాతి వచ్చినాము. ఆయన పట్టు ఒక్కటే: కిటికీ మక్కచేని వైపే ఉండవలెను. దానికి మేమందరము ఒప్పుకొన్నాము.